స్లాబ్‌లో రంధ్రం.. బాధ్యత ఎవరిది? కాంక్రీట్ పోయకముందు గీయని గీతకు మూల్యం కడుతున్నది కూలీ, ఇంటి యజమాని

'లిఫ్ట్ గుంతలో పడి కార్మికుడి మృతి'. నగరాల్లో ఇలాంటి వార్త కొత్తేమీ కాదు. నాలుగు లైన్లలో వస్తుంది, మర్నాటికి మరుగున పడిపోతుంది. 'బాత్రూమ్ పైకప్పు కారుతోంది.. పై ఫ్లాట్ వాళ్లతో గొడవ'. ఇదైతే వార్త కూడా కాదు. అపార్ట్‌మెంట్లలో ఎప్పుడూ వినిపించే మాటే.

పైకి చూస్తే ఈ రెండింటికీ సంబంధం లేదు. కానీ చాలాసార్లు రెండూ ఒకే చోట మొదలవుతాయి. స్లాబ్‌లో రంధ్రం ఎక్కడ వదలాలి? ఎంత వదలాలి? దాన్ని ఎప్పుడు, ఎవరు మూయాలి? కాంక్రీట్ పోయకముందే ఈ మూడు ప్రశ్నలకు జవాబు లేకపోవడమే అసలు సమస్య.

హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో అపార్ట్‌మెంట్లు లేస్తూనే ఉన్నాయి. మండల కేంద్రాల్లోనూ జీ ప్లస్ టూ, జీ ప్లస్ త్రీ ఇళ్లు మామూలైపోయాయి. అంతస్తులు పెరిగేకొద్దీ స్లాబ్‌లో రంధ్రాలూ పెరుగుతాయి. మరి వాటి లెక్క ఎవరి దగ్గర ఉంది?

ఒక్క స్లాబ్‌కు ఇన్ని రంధ్రాలా?

మామూలు రెండు పడకగదుల ఫ్లాట్‌నే తీసుకుందాం. బాత్రూమ్‌లో కమోడ్‌కు ఒక పైపు కిందికి దిగాలి. స్నానం నీళ్లకు ఒకటి, వాష్ బేసిన్‌కు ఒకటి. వంటింటి సింక్‌కు ఒకటి. బాల్కనీలో వాన నీళ్లు పోవడానికి ఒకటి. కరెంటు కేబుళ్లు, ఇంటర్నెట్ వైర్లు పైకి ఎక్కడానికి ఒక సందు ఉండాలి. పైపులన్నీ కలిసి దిగే డక్ట్ ఉంటే అదో పెద్ద రంధ్రం. ఫైర్ పైపులకు వేరే దారి. ఇక మెట్లు, లిఫ్ట్ సరేసరి. వాటికి ప్రతి అంతస్తులోనూ స్లాబ్ మొత్తం తెరిచే ఉంచాలి.

ఐదంతస్తుల భవనంలో అంతస్తుకు నాలుగు ఫ్లాట్లు ఉంటే పెద్దా చిన్నా కలిపి ఇలాంటి రంధ్రాలు వంద దాటడం వింతేమీ కాదు. వీటిలో ప్రతి ఒక్కటీ కాంక్రీట్ పోసేలోపే నిర్ణయం కావాలి. కాకపోతే తర్వాత మిషన్ తెచ్చి కోయాల్సిందే.

పోయకముందు వదిలే పద్ధతి ఇదీ

పని తెలిసిన మేస్త్రీకి ఇది కష్టమేం కాదు. సెంట్రింగ్ షీట్లు పరిచాక, రాడ్లు కట్టకముందే ప్లంబర్ వచ్చి పైపుల స్థానాలు కొలిచి గుర్తు పెట్టాలి. చిన్న పైపులకు 'స్లీవ్' పెడతారు. అంటే దిగాల్సిన పైపు కంటే ఒక సైజు పెద్ద పైపు ముక్క. 110 ఎంఎం పైపు దిగాలంటే 160 ఎంఎం ముక్కను నిలబెడతారు. దాన్ని షీటుకు, రాడ్లకు కదలకుండా బిగిస్తారు. పైన మూత వేస్తారు. లేకపోతే కాంక్రీట్ లోపల నిండి రంధ్రం కాస్తా దిమ్మెగా మారుతుంది.

పెద్ద రంధ్రానికి చెక్క లేదా ప్లైవుడ్ పెట్టె పెడతారు. దాని పక్కలు కాస్త ఏటవాలుగా ఉంటాయి. పైకి నూనె రాస్తారు. కాంక్రీట్ గట్టిపడ్డాక పెట్టె సులువుగా ఊడి రావాలని ఈ ఏర్పాటు. చాలాచోట్ల పెట్టెకు బదులు థర్మాకోల్ ముక్క పెట్టేస్తున్నారు. చవక, కోయడం తేలిక. కానీ సరిగా కట్టకపోతే అదే కొంప ముంచుతుంది. అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న థర్మాకోల్ ముక్క 5 అంగుళాల స్లాబ్‌లో దాదాపు 28 కిలోల కాంక్రీట్ చోటును ఆక్రమిస్తుంది. కింద సందు దొరికి కాంక్రీట్ పాలు చొరబడితే ఆ ముక్క బెండులా పైకి తేలుతుంది. వైబ్రేటర్ తగిలితే పక్కకు జరుగుతుంది. షీట్లు విప్పాక చూస్తే రంధ్రం ఒక చోట, పైపు రావాల్సింది మరో చోట!

అప్పుడు ఏం చేస్తారు? పక్కన కొత్త రంధ్రం కొడతారు. పాతదాన్ని సిమెంటు, ఇటుక ముక్కలతో మూసేస్తారు. నీళ్లు కారడం మొదలయ్యేది సరిగ్గా అక్కడే.

అడ్డం వచ్చిన రాడ్డును కోస్తే సరిపోతుందా?

స్లాబ్‌లో కాంక్రీట్ నొక్కుడును తట్టుకుంటుంది. సాగదీసే బలాన్ని మోసేది ఇనుమే. గదిలో మనం నడిచినా, బీరువా పెట్టినా ఆ బరువు రాడ్ల గుండా బీములకు, అక్కడి నుంచి పిల్లర్లకు చేరుతుంది. మధ్యలో రంధ్రం వచ్చిందంటే ఆ దారి తెగినట్టే. బరువు పక్క దారి వెతుక్కుంటుంది. ఆ పక్క దారిని ముందే బలపరచాలి.

లెక్క చూద్దాం. రాడ్లు 150 ఎంఎం దూరంలో కట్టిన స్లాబ్‌లో 600 ఎంఎం పొడవు, 450 ఎంఎం వెడల్పు రంధ్రం కావాలి. ఒక వైపు నాలుగు రాడ్లు, రెండో వైపు మూడు రాడ్లు తెగుతాయి. తెగినంత ఇనుమును రంధ్రానికి అటూ ఇటూ పంచి అదనంగా కట్టాలి. నాలుగు తెగిన వైపు అంచుకు రెండేసి. మూడు తెగిన వైపు కూడా రెండేసి పెట్టడం మేలు. ఒకటిన్నర రాడ్డు అంటూ ఉండదు కదా!

అసలు పొరపాటు దీని తర్వాత జరుగుతుంది. అదనపు రాడ్డును రంధ్రం పొడవుకే కోసి పెట్టేస్తుంటారు. అది దండగ. రాడ్డు రంధ్రం అంచు దాటి కాంక్రీట్‌లోకి తగినంత దూరం పోవాలి, అప్పుడే పట్టు దొరుకుతుంది. ఎం25 కాంక్రీట్, ఎఫ్‌ఈ500 స్టీల్ అయితే 10 ఎంఎం రాడ్డుకు ఆ పొడవు సుమారు 485 ఎంఎం. అంటే ప్రతి వైపూ అడుగున్నర పైనే.

నలుచదరం రంధ్రం మూలల దగ్గర పగుళ్లు ఏటవాలుగా పుడతాయి. కిటికీ మూల నుంచి గోడ మీద పాకే పగులును చూసినవాళ్లకు ఇది తెలిసిన సంగతే. అందుకే నాలుగు మూలల్లోనూ ఏటవాలుగా చిన్న రాడ్లు కడతారు. ఖర్చు చూస్తే కొన్ని అడుగుల ఇనుము. కట్టడానికి కొన్ని నిమిషాలు. కానీ కాంక్రీట్ పోశాక ఎంత డబ్బు పెట్టినా ఆ రాడ్డు లోపలికి పోదు.

ఎక్కడైనా వదలొచ్చా?

కుదరదు. కాంక్రీట్ కట్టడాలకు మన దేశంలో ప్రమాణం ఐఎస్ 456. 2000లో వచ్చిన ఈ కోడ్, బీములు లేకుండా పిల్లర్ల మీద నేరుగా కూర్చునే 'ఫ్లాట్ స్లాబ్'లలో రంధ్రాల గురించి స్పష్టంగానే చెప్పింది. ఆఫీసులు, మాల్స్, పార్కింగ్ అంతస్తుల్లో ఎక్కువగా కనిపించేవి ఇలాంటి స్లాబులే.

కోడ్ సారాంశం సులువుగా చెప్పుకుంటే ఇదీ. విడిగా లెక్క కట్టి బలం సరిపోతుందని చూపితే ఏ సైజు రంధ్రమైనా వదలొచ్చు. అలా లెక్క కట్టకపోతే మాత్రం హద్దులు ఉన్నాయి.

నాలుగు పిల్లర్ల మధ్య నడిమి భాగంలో ఏ సైజు రంధ్రమైనా పర్వాలేదు. అయితే రంధ్రం లేనప్పుడు కావాల్సిన ఇనుము మొత్తం అలాగే ఉండాలి.

పిల్లర్ల వరుస మీద పడే పట్టీ, నడిమి పట్టీ కలిసే చోట ఏ పట్టీలోనైనా నాలుగో వంతు ఇనుము కంటే ఎక్కువ తెగకూడదు.

రెండు పిల్లర్ల వరుసలు కలిసే చోట, అంటే పిల్లర్ చుట్టూ, పట్టీ వెడల్పులో ఎనిమిదో వంతుకు మించి రంధ్రం ఉండకూడదు.

ఎందుకీ తేడా? ఫ్లాట్ స్లాబ్‌లో పిల్లర్ చుట్టూ ఉన్న భాగమే ఎక్కువ ఒత్తిడి మోస్తుంది. బరువు మరీ ఎక్కువైతే పిల్లర్ స్లాబ్‌ను పొడుచుకుని పైకి వస్తుంది. ఇంజినీర్లు దీన్నే 'పంచింగ్ షియర్' అంటారు. పిల్లర్ పక్కనే పైపు కోసం రంధ్రం కొట్టామంటే ఆ పోటును ఆపే కాంక్రీట్‌ను మనమే తీసేసినట్టు. స్లాబ్ మందానికి పది రెట్ల దూరం లోపల రంధ్రం ఉంటే దాని ప్రభావాన్ని లెక్కలో తగ్గించి చూడాలని కోడ్ చెబుతోంది. 200 ఎంఎం స్లాబ్ అయితే రెండు మీటర్లు అన్నమాట.

ఇళ్లలో ప్రమాదం బాల్కనీ రూపంలో వస్తుంది. గోడ దాటి బయటికి వచ్చిన బాల్కనీకి ప్రాణం పై పొరలో ఉండే రాడ్లలోనే ఉంటుంది. వాన నీళ్ల పైపు కోసం గోడ మొదట్లో రంధ్రం కొడితే తెగేది ఆ రాడ్లే. బాల్కనీ పైపు ఎక్కడ దిగాలో ప్లంబర్ ఒక్కడే తేల్చే విషయం కానే కాదు.

సియోల్ నేర్పిన పాఠం

1995 జూన్ 29. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో సామ్‌పుంగ్ డిపార్ట్‌మెంట్ స్టోర్ కుప్పకూలింది. 502 మంది చనిపోయారు. అదీ ఫ్లాట్ స్లాబ్ భవనమే.

కారణం ఒక్కటి కాదు. ముందు అనుకోని ఐదో అంతస్తు కట్టారు. అందులో రెస్టారెంట్లు పెట్టారు. పైకప్పు మీద బరువైన ఏసీ యూనిట్లను ఒక చోటి నుంచి మరో చోటికి లాగారు. పిల్లర్లు ఉండాల్సిన దానికంటే సన్నగా ఉన్నాయి. వీటికి తోడు ఎస్కలేటర్ల కోసం స్లాబ్ తెరిచిన చోట ఫైర్ షట్టర్లు బిగించడానికి పక్క పిల్లర్లను చెక్కేశారు. ఒక్కో మార్పు విడిగా చూస్తే చిన్నదిగానే కనిపించింది. అన్నీ కలిసి పిల్లర్ల తలల దగ్గర స్లాబ్‌ను తెంచేశాయి.

అంత పెద్ద భవనంతో మన ఇళ్లను పోల్చలేం. కానీ అక్కడ జరిగిన తీరు మాత్రం ఇక్కడివాళ్లకూ తెలిసిందే. డిజైన్ అయిపోయాక అవసరం గుర్తొస్తుంది. అవసరం గుర్తొచ్చాక చెక్కడం మొదలవుతుంది. చెక్కేవాడికి డిజైన్ చేసినవాడు ఎవరో తెలియదు.

'తర్వాత కోర్ కటింగ్ చేయిద్దాంలే'

సైట్లలో తరచూ వినిపించే మాట ఇది. డైమండ్ బిట్ ఉన్న మిషన్‌తో స్లాబ్‌ను గుండ్రంగా కోయడమే కోర్ కటింగ్. సుత్తి, ఉలితో కొట్టడం కంటే ఇది చాలా నయం. అదురు తక్కువ, అంచు శుభ్రంగా వస్తుంది. తప్పనిసరైనప్పుడు సరైన పద్ధతే.

కానీ ఆ మిషన్‌కు కాంక్రీట్, రాడ్డు రెండూ ఒకటే. దేన్నైనా కోసుకుంటూ పోతుంది. రాడ్డు ఎక్కడుందో స్కానర్‌తో చూసి ఒక అంగుళం పక్కకు జరిగితే మిగిలే ఇనుము కాస్తా నిమిషంలో ముక్కై బయటికి వస్తుంది. బయటికి తీసిన కాంక్రీట్ దిమ్మె పక్కన మెరుస్తున్న ఇనుము ముక్క కనిపించిందంటే ఒక రాడ్డు పోయినట్టే లెక్క.

పోస్ట్ టెన్షన్ స్లాబుల్లో ఇది మరీ ప్రమాదం. వాటిలో ఉక్కు కేబుళ్లను బలంగా లాగి బిగించి ఉంచుతారు. అలాంటి కేబుల్ తెగితే స్లాబ్ బలం పడిపోతుంది. కోసేవాడి ప్రాణానికీ ముప్పే. అందుకే ఇలాంటి భవనాల్లో ఇంజినీర్ రాతపూర్వకంగా ఒప్పుకోకుండా డ్రిల్ బిట్ కూడా పెట్టకూడదు.

ఇంకో సంగతి చాలామంది మరిచిపోతారు. కోసిన ముక్క కింద పడుతుంది. 600 బై 450 ఎంఎం రంధ్రం కోస్తే 5 అంగుళాల స్లాబ్ నుంచి ఊడేది 80 కిలోలకు పైగా బరువున్న ముక్క. కింది అంతస్తులో టైల్స్ వేసే మనిషి ఉంటే? పై నుంచి కోసేవాడికి కింద ఎవరున్నారో కనిపించదు. ముక్కను గొలుసుతో పట్టి ఉంచడం, కింద మనుషుల్ని ఖాళీ చేయించడం పనిలో భాగమే. అది ఎవరి దయాదాక్షిణ్యమో కాదు.

నోరు తెరుచుకున్న గుంత

ఇప్పటిదాకా చెప్పుకున్నది భవనం సంగతి. ఇక మనిషి సంగతి.

సెంట్రింగ్ విప్పిన రోజు నుంచి పైపులు దిగి, డక్ట్ మూసే రోజు వరకు ఆ రంధ్రాలన్నీ తెరిచే ఉంటాయి. కొన్నిసార్లు నెలల తరబడి. పగలు వెలుతురులో పర్వాలేదు. కరెంటు ఇంకా రాని అంతస్తులో సాయంత్రం ఆరు దాటితే? తల మీద ఇటుకల తట్ట పెట్టుకుని వెనక్కి నడిచే మహిళా కూలీకి కాలి కింద ఏముందో ఎలా తెలుస్తుంది?

ఒక అంతస్తు, అంటే 3 మీటర్ల ఎత్తు నుంచి పడితే సెకను కూడా పట్టదు. నేలను తాకేసరికి వేగం గంటకు దాదాపు 28 కిలోమీటర్లు. ఐదంతస్తుల లిఫ్ట్ గుంతలో 15 మీటర్లు పడితే 60 కిలోమీటర్లు దాటుతుంది. హెల్మెట్ ఉన్నా ఆ దెబ్బకు అడ్డు కాదు.

దేశం ఉలిక్కిపడిన ఘటనలూ ఉన్నాయి. 2022 సెప్టెంబర్ 14న అహ్మదాబాద్‌లో గుజరాత్ యూనివర్సిటీకి దగ్గర్లో నిర్మాణంలో ఉన్న భవనంలో లిఫ్ట్ షాఫ్ట్ లోపలి ప్లాట్‌ఫామ్ కూలి ఏడుగురు కార్మికులు చనిపోయారు. ఒకేసారి ఏడుగురు కాబట్టి దేశమంతా తెలిసింది. ఒక్కరు పడితే అది స్థానిక పేజీలో నాలుగు లైన్లే.

అసలు విషాదం ఇంకోటి. చాలా రంధ్రాల మీద ఏదో ఒకటి కప్పే ఉంటుంది. అదే కొన్నిసార్లు ప్రాణం తీస్తుంది! బిగించని ప్లైవుడ్ ముక్కను చూసి, పనికొస్తుందని ఒకరు ఎత్తుకుంటారు. రెండు చేతులా ఎత్తి ముందుకు ఒక అడుగు వేస్తారు. ప్లైవుడ్ చేతిలోనే ఉంటుంది, కాలు గుంతలో పడుతుంది. మరికొన్ని చోట్ల మూత సిమెంటు బస్తా బరువుకే విరిగిపోతుంది.

అందుకే అమెరికా కార్మిక భద్రతా నిబంధనల్లో మూతకు మూడు షరతులు పెట్టారు. దాని మీదికి ఒకేసారి వచ్చే మనుషులు, సామాన్ల బరువుకు కనీసం రెట్టింపు మోయాలి. గాలికి, కాలి తాకిడికి కదలకుండా బిగించి ఉండాలి. అది రంధ్రం మీది మూత అని తెలిసేలా రాసి గానీ, రంగు వేసి గానీ ఉండాలి. ఇందులో మన సైట్లో చేయలేనిది ఏదీ లేదు. నాలుగు మేకులు, ఒక ఎర్ర రంగు డబ్బా చాలు.

బోర్డు పెట్టేటప్పుడు భాష కూడా చూడాలి. హైదరాబాద్ సైట్లలో ఒడిశా, బిహార్, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్, బెంగాల్ నుంచి వచ్చినవాళ్లు పెద్ద సంఖ్యలో ఉంటారు. పాలమూరు, శ్రీకాకుళం నుంచి వలస వచ్చినవాళ్లు వాళ్ల పక్కనే పని చేస్తుంటారు. తెలుగులో 'జాగ్రత్త' అని రాస్తే సగం మందికి అర్థం కాదు. ఎర్ర రంగు గుర్తు అందరికీ అర్థమవుతుంది.

రాడ్లు కోయకుండా వదిలితే?

ఇంతకంటే మంచి ఉపాయం ఒకటి ఉంది. డక్ట్ లాంటి పెద్ద రంధ్రాల్లో కాంక్రీట్ ఆపేసినా రాడ్ల జాలీని మాత్రం కోయకుండా అలాగే ఉంచేస్తారు. 150 ఎంఎం దూరంలో రాడ్లు ఉంటే కాలు జారినా మనిషి కిందికి పోడు. పైపులు వేసే రోజున, కావాల్సిన చోటు మేరకే కోసి, మిగతా భాగానికి కాంక్రీట్ పోసేస్తారు. ఇంజినీర్ ముందే ఒప్పుకుని డ్రాయింగ్‌లో చూపిస్తే దీనికి అదనపు సామాను దాదాపు అక్కర్లేదు. భవనానికీ మేలు, మనిషికీ మేలు.

అయితే ఇది లిఫ్ట్‌కు పనికిరాదు. లిఫ్ట్ షాఫ్ట్‌లో ప్రతి అంతస్తు గుమ్మం దగ్గర గట్టి రెయిలింగ్ లేదా గేటు ఉండాల్సిందే. లోపల పని చేసేవాళ్లకు వల, బెల్టు తప్పనిసరి. రిబ్బన్ కట్టి వదిలేస్తే అది అడ్డు కాదు, అలంకారం.

చట్టం ఏం చెబుతోంది?

చట్టంలో లోటు పెద్దగా లేదు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం, దాని కింద 1998లో వచ్చిన కేంద్ర నిబంధనలు, మనిషి గానీ సామాను గానీ పడిపోయే అవకాశం ఉన్న ప్రతి రంధ్రాన్ని, తెరిచి ఉన్న ప్రతి అంచును మూయాలనో, కంచె పెట్టాలనో చెప్పాయి. నేల, గోడల్లోని రంధ్రాల భద్రత కోసమే ఐఎస్ 4912 అనే ప్రమాణం దశాబ్దాలుగా ఉంది. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తిపరమైన భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ పాత చట్టాన్ని తనలో కలిపేసుకుంది. 2025 నవంబర్ 21 నుంచి అది అమల్లోకి వచ్చింది.

మరి లోపం ఎక్కడ? హద్దుల దగ్గర. పాత చట్టంలో 500 మంది కార్మికులు ఉంటేనే సేఫ్టీ ఆఫీసర్ తప్పనిసరి. కొత్త కోడ్ నిర్మాణ పనుల్లో దాన్ని 250కి తగ్గించింది. ఇది మంచి మార్పే. కానీ ఐదంతస్తుల అపార్ట్‌మెంట్ సైట్లో 250 మంది ఎప్పుడుంటారు? పది మంది కంటే తక్కువ ఉన్న పని అసలు ఈ లెక్కలోకే రాదు. సొంతానికి కట్టుకునే ఇల్లు 50 లక్షల రూపాయలు దాటకపోతే అదీ బయటే. పాత చట్టంలో ఈ హద్దు 10 లక్షలు.

అంటే ఊళ్లల్లో, కాలనీల్లో లేచే మామూలు ఇళ్లలో చాలా వాటికి సేఫ్టీ ఆఫీసర్ ఉండడు, తనిఖీకి వచ్చేవారూ ఉండరు. అక్కడ మేస్త్రీ మాటే చట్టం. గుంత మూయమని చెప్పేది ఆయనే, మూయకపోతే అడిగేవాళ్లు లేరు.

రంధ్రానికి యజమాని ఎవరు?

చిక్కుముడి అంతా ఇక్కడే ఉంది. ఆర్కిటెక్ట్ బాత్రూమ్ ఎక్కడో గీస్తారు. స్ట్రక్చరల్ ఇంజినీర్ రాడ్ల లెక్క ఇస్తారు. సెంట్రింగ్ ఒక ముఠా, రాడ్లు కట్టేది ఇంకో ముఠా, కాంక్రీట్ పోసేది మరో ముఠా. ప్లంబర్, ఎలక్ట్రీషియన్ ఆ తర్వాత వస్తారు. స్లాబ్ పని ఎవరికి వాళ్లకు ఉంది. రంధ్రం పని మాత్రం ఎవరిదీ కాదు.

సొంత ఇళ్లలో పరిస్థితి ఇంకా దారుణం. చాలామంది ప్లంబర్‌ను మాట్లాడేదే గోడలు లేచాక. అంటే రంధ్రాలు ఎక్కడ కావాలో చెప్పాల్సిన మనిషి, ఆ రంధ్రాలు వదలాల్సిన రోజున సైట్లోనే లేడు! ఇక మిగిలేది సుత్తీ, ఉలీ.

బిల్డర్లు చెప్పే మాట కూడా వినాలి. కొనేవాళ్లు చివరి నిమిషంలో వంటింటి దిక్కు మార్చమంటారు, బాత్రూమ్ పక్కకు జరపమంటారు. వాస్తు కోసం సింక్ చోటు మారుతుంది. అలాంటప్పుడు ముందే వదిలిన రంధ్రాలు వృథా అవుతాయి, కొత్తవి కోయక తప్పదు. ఇందులో నిజం ఉంది. కానీ ఒక ఫ్లాట్‌లో మార్పు వచ్చిందని భవనం మొత్తానికి డ్రాయింగ్ గీయకుండా ఉంటామంటే కుదరదు. మార్పు వచ్చినప్పుడు ఆ ఒక్క రంధ్రం గురించి ఇంజినీర్‌ను అడిగితే సరిపోతుంది.

ముందే ప్లాన్ చేస్తే ఖర్చు బిల్డర్‌ది, సమయం బిల్డర్‌ది. చేయకపోతే పడేది కూలీ, కారేది కొన్నవాళ్ల ఇల్లు. ఆదా ఒకరికి, నష్టం ఇంకొకరికి కాబట్టే ఈ అలవాటు మారడం లేదు.

దీనికి మందు ఒక్క కాగితం. ఆ అంతస్తులో రావాల్సిన రంధ్రాలన్నీ నంబర్లతో ఉన్న డ్రాయింగ్. ప్రతి దానికీ సైజు, గోడ నుంచి దూరం, అదనపు రాడ్లు. కాంక్రీట్ పోసే ముందు రోజు ప్లంబర్, ఎలక్ట్రీషియన్, ఇంజినీర్ ముగ్గురూ దాని మీద సంతకం పెట్టాలి. సెంట్రింగ్ విప్పాక అదే కాగితం సూపర్‌వైజర్ చేతికి వెళ్లాలి. ఏ నంబరు రంధ్రానికి మూత ఉంది, దేనికి లేదు అని రోజూ ఉదయం చూసుకోవచ్చు. డక్ట్ మూసిన రోజున ఆ నంబరు కొట్టేయొచ్చు. ఇంటి బలానికి, మనిషి ప్రాణానికి వేర్వేరు లెక్కలు అక్కర్లేదు.

ఇల్లు కట్టిస్తున్నారా? ఇవి చూసుకోండి

* స్లాబ్ తేదీ ఖరారు చేసే ముందే ప్లంబర్‌ను, ఎలక్ట్రీషియన్‌ను మాట్లాడుకోండి. కాంక్రీట్ రోజున ఇద్దరూ సైట్లో ఉండాలి.
* రాడ్లు కట్టాక ప్రతి రంధ్రం చుట్టూ అదనపు రాడ్లు ఉన్నాయా చూడండి. అంచు దాటి ఎంత దూరం పోయాయో టేపుతో కొలిపించండి. ఫోన్‌లో ఫొటోలు తీసి దాచుకోండి. రేపు గొడవ వస్తే అవే సాక్ష్యం.
* స్లీవ్‌ను చేత్తో కదిపి చూడండి. కదిలిందంటే కాంక్రీట్‌లోనూ కదులుతుంది.
* బీమ్ గుండా, పిల్లర్ పక్కన, బాల్కనీ మొదట్లో రంధ్రం అన్నారంటే ఇంజినీర్ సంతకం అడగండి.
* పైపుకు, స్లీవ్‌కు మధ్య సందును ఇటుక ముక్కలతో మూయనివ్వొద్దు. కుంచించుకుపోని గ్రౌట్‌తో నింపించి, నీళ్లు నిలబెట్టి చూశాకే టైల్స్ వేయించండి.
* సెంట్రింగ్ విప్పిన రోజే అన్ని రంధ్రాలకూ మూతలు బిగించేలా కాంట్రాక్టర్‌తో ముందే రాయించుకోండి.

ఫ్లాట్ కొన్నారా?

రెరా చట్టం 2016 ప్రకారం, స్వాధీనం చేసిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం బయటపడితే డెవలపర్ 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాలి. పైపు రంధ్రం చుట్టూ పగుళ్లు, బయటపడి తుప్పు పట్టిన రాడ్లు కనిపిస్తే ఫొటోలు తీసి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వండి. నోటి మాటగా చెప్పి ఊరుకుంటే ఐదేళ్లు గడిచిపోతాయి.

చిమ్నీ గొట్టానికో, కొత్త బాత్రూమ్‌కో మీరే స్లాబ్ కోయించాలనుకుంటే ఒక్క మాట గుర్తుంచుకోండి. మీ ఇంటి నేల కింది వాళ్ల ఇంటికి పైకప్పు. అసోసియేషన్‌కు చెప్పి, ఇంజినీర్‌తో చూపించి, రాడ్లు ఎక్కడున్నాయో స్కాన్ చేయించాకే మిషన్ పెట్టించండి.

పని చేసేవాళ్లకు

కదిలే మూతను తీయొద్దు, దాని మీద కాలు పెట్టొద్దు. తీయాల్సి వస్తే ముందు సూపర్‌వైజర్‌కు చెప్పండి, పని అవగానే మళ్లీ బిగించండి. గత ఏడాదిలో 90 రోజులు నిర్మాణ పని చేసి, 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్నవాళ్లు సంక్షేమ బోర్డులో పేరు నమోదు చేసుకోవచ్చు. బిల్డర్ల నుంచి వసూలయ్యే ఒక శాతం సెస్ వెళ్లేది ఆ బోర్డుకే. పేరు లేకపోతే ప్రమాదం జరిగాక కుటుంబం ఆ సాయం కోసం ఆఫీసుల చుట్టూ తిరగాల్సి వస్తుంది.

ఈ వారం మీ వీధిలో ఎక్కడైనా స్లాబ్ పడుతుంటే కాంట్రాక్టర్‌ను ఒక్క ప్రశ్న అడిగి చూడండి. 'రంధ్రాల డ్రాయింగ్ ఎక్కడ?' కాగితం చూపిస్తే సరే. 'అదంతా తర్వాత చూసుకుంటాం' అన్నారంటే, ఆ ఇంట్లో ఇంకా మూత పడని గుంతలు ఎన్ని ఉన్నాయో ఆయనకూ తెలియదన్నమాట.